ఎత్తు పెంచిన జీపు, పరీక్ష నెగ్గిన జీపు ఒకటి కావు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో థార్, జిమ్నీ వంటి జీపు తరహా బండ్లకు పెద్ద టైర్లు వేయించి, సస్పెన్షన్ (చక్రాలకూ బండికీ మధ్య ఉండే స్ప్రింగుల ఏర్పాటు) ఎత్తు పెంచి కొండదారుల్లో తిరుగుతున్న యువకుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఫొటోలు అందంగా ఉన్నాయి. వాగు దాటుతున్న బండి బొమ్మను మా ఇంట్లో అందరూ చూశారు. టైర్ల ఖరీదు, రిమ్ముల ఖరీదు, ఎత్తు పెంచడానికి బిగించే లిఫ్టు కిట్టు ఖరీదు అన్నీ వివరంగా రాశారు. అయితే అంత పెద్ద వ్యాసంలో బ్రేకు అన్న మాట ఒక్కచోట కూడా కనిపించలేదు. ఆ లోటు పూరించాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నేను విశ్రాంత అధ్యాపకుణ్ణి. ఇరవై ఎనిమిదేళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి, ఉద్యోగ విరమణ తరువాత నర్సీపట్నంలో స్థిరపడ్డాను. 2021లో థార్ కొనుక్కున్నాను. మా ఊరి నుంచి లంబసింగి, చింతపల్లి, సీలేరు వైపు వెళ్లే ఏజెన్సీ దారుల్లో తిరగడం నాకు చదువుకునే రోజుల నుంచీ ఉన్న ఇష్టం. వానాకాలంలో తారు రోడ్డు దిగి గూడేల్లోకి వెళ్లే మట్టిదారుల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి పడిన చాళ్లు ఎంత లోతుగా ఉంటాయంటే, చక్రాలు రెండూ చాళ్లలోకి దిగాక బండి కడుపు నడిమి గట్టుకు ఆనుకుపోయి, ఎంత ఆక్సిలరేటర్ తొక్కినా చక్రాలు ఊరికే తిరుగుతాయి. అలా రెండుసార్లు ఇరుక్కుని, చీకటి పడేవేళ ఊళ్లోవాళ్లను బతిమాలి తాళ్లతో లాగించుకున్నవాడికి బండి ఎత్తు పెంచాలన్న ఆలోచన రావడం సహజం. కాబట్టి ఈ పని చేయించుకునేవాళ్లందరూ షోకు కోసమే చేయించుకుంటున్నారని నేను అనను. నేనూ చేయించుకున్నాను. దాని ఫలితం ముందుకు వచ్చాక చెబుతాను.

ముందు టైరు సంగతి చూద్దాం. థార్‌కు కంపెనీ ఇచ్చే పెద్ద టైరు కొలత 255/65 ఆర్18. టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, దాని పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు అని దీని అర్థం. లెక్క కడితే చక్రం మొత్తం వ్యాసం 789 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పుడు చాలామంది వేయించుకుంటున్న, ముప్పై మూడు అంగుళాలదని పిలిచే 285/70 ఆర్17 టైరు వ్యాసం 831 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా 42 మిల్లీమీటర్లు. అయితే ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన గనుక, ఇరుసుకూ నేలకూ మధ్య పెరిగేది ఆ తేడాలో సగమే, అంటే 21 మిల్లీమీటర్లు. రెండంగుళాల లిఫ్టు కిట్టు వేస్తే మరో యాభై మిల్లీమీటర్లు కలుస్తాయి కదా అని నన్ను చాలామంది అడిగారు. కిట్టు లేపేది ఛాసిస్‌నూ (బండి అడుగు చట్రం) దాని మీదున్న బాడీనీ మాత్రమే. థార్ వెనుక ఇరుసు ఒకే దూలంలాంటి గట్టి ఇరుసు. దాని నడుమ కిందికి పొడుచుకు వచ్చిన, ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లుండే డిఫరెన్షియల్ గుల్ల చక్రాలతోపాటే ఉంటుంది గనుక కిట్టు దాన్ని వెంట్రుకవాసి కూడా లేపదు. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 226 మిల్లీమీటర్లు. ఇంత ఖర్చు పెట్టినా ఆ గుల్ల కింద పెరిగేది బొటనవేలి మందం. దారిలో రాయి ఎక్కువగా తగిలేదీ అక్కడే. ఛాసిస్ లేచినందువల్ల నడిమి గట్టు తగలడం తగ్గుతుంది, ఏటవాలు గట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బంపరు నేలకు రాసుకోవడం తగ్గుతుంది. ఆ లాభం నిజమైనదే, కాదనను. కానీ కిట్టు అమ్మేవాళ్లు రెండు అంకెలనూ కూడి మూడంగుళాల క్లియరెన్సు పెరుగుతుందని చెబుతుంటే, కొనేవాళ్లు అది ఇరుసు కింద కూడా పెరుగుతుందని నమ్ముతున్నారు.

టైరు వ్యాసం ఐదు శాతం పెరిగితే దాని వెంట మరికొన్ని మారతాయి. మీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కిస్తుంది గనుక మీటరులో 95 చూపేసరికి బండి నిజంగా 100 మీద పోతుంటుంది. ఇది చిన్న విషయమే. పెద్ద విషయం బ్రేకుది. బ్రేకు డిస్కు పట్టే బలం ఇరుసు దగ్గర పుట్టి, చక్రం అంచు దగ్గర రోడ్డును పట్టుకోవాలి. మధ్యలో దూరం పెరిగినకొద్దీ రోడ్డుకు అందే బలం తగ్గుతుంది. పెడలు మీద అదే కాలు, అదే నొక్కుడు, ఐదు శాతం తక్కువ ఫలితం. దీనికితోడు పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ, ఆ బరువంతా కేంద్రానికి దూరంగా అంచునే ఉంటుంది. తిరగలి తిప్పిన చేతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద రాయిని తిప్పడం మొదలుపెట్టడమే కాదు, తిరుగుతున్నదాన్ని ఆపడమూ కష్టమే. ఒకటికి నాలుగు అలాంటి రాళ్లను వేసుకుని ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు బ్రేకులకు పడే వేడిని కంపెనీ ఇంజనీర్లు లెక్క వేయలేదు, ఎందుకంటే వాళ్లు ఆ టైరు ఇవ్వలేదు. లో రేంజిలో (కష్టమైన దారుల కోసం బండిని బాగా నెమ్మదిగా, బలంగా నడిపే గేర్ల వరుస), మొదటి గేరులో నిటారు దారి దిగేటప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచే బలం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. దాన్ని సరిచేయాలంటే ముందూ వెనకా ఇరుసుల్లోని క్రౌన్ పీనియన్ గేర్ల నిష్పత్తి మార్చాలి. మీరు ప్రచురించిన వ్యాసంలోని ఖర్చుల పట్టికలో అది లేదు.

బురద కోసం చేసిన మడ్ టెర్రెయిన్ టైర్ల గురించి ఒక మాట. వాటి గట్టి పెద్ద గడ్డలు, గడ్డల మధ్య లోతైన సందులు బురదను తవ్వి బయటికి విసరడానికి చేసినవి. వానలో నున్నగా తడిసిన తారు మీద రబ్బరు ఎంత మేర నేలను తాకితే అంత పట్టు ఉంటుంది, ఆ తాకే మేరనే ఈ సందులు తినేస్తాయి. ఏడాదిలో పది రోజులు బురదలో, మిగతా రోజులు విశాఖపట్నం నుంచి అనకాపల్లి దాకా హైవే మీద తిరిగే బండికి ఆ టైరు సరిపోదు. టైరు పక్కగోడ మీద కొలత తరువాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె ఆ టైరు మోయగల బరువును, అక్షరం అది తట్టుకునే వేగాన్ని సూచిస్తాయి. కొత్త టైరు మీద ఆ రెండూ కంపెనీ టైరు కన్నా తక్కువ కాకూడదు. కొనేటప్పుడు వీటిని చదివి చూసేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

ఇక లిఫ్టు. మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది అసలైన సస్పెన్షన్ మార్పు కాదు, స్ప్రింగుల మీద ఇనుప దిమ్మెలో అల్యూమినియం దిమ్మెలో పెట్టి బిగించడం. చవక, పని ఒక్కరోజులో అయిపోతుంది. థార్ ముందు చక్రాలు రెండూ విడివిడిగా, ఛాసిస్‌కు బిగించిన ఇనుప చేతుల (ఆర్మ్‌ల) మీద ఊగుతాయి. స్ప్రింగు ఆ చేతి మొదటికీ చివరికీ మధ్యలో కూర్చుని ఉంటుంది గనుక, స్ప్రింగు పైన అంగుళం దిమ్మె పెడితే చేతి చివరనున్న చక్రం దగ్గర అంగుళం కన్నా ఎక్కువే దిగుతుంది. అందువల్ల చేయి ఎప్పుడూ కిందికి వాలి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగడానికి మిగిలిన జాగా తగ్గిపోతుంది. ఎత్తు పెంచింది గుంతల కోసమే అయినప్పుడు, గుంతలో చక్రం దిగగలిగే లోతును తగ్గించుకోవడం ఎంత విచిత్రమో ఆలోచించండి. ముందు ఇరుసు షాఫ్టుల జాయింట్లు ఎప్పుడూ వంపుగా తిరుగుతాయి, వాటి మీది రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి, చిరిగిన చోట బురద చేరి గ్రీజు పాడై జాయింటు అరిగిపోతుంది. మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తుంటే జాయింటు పని అయిపోవచ్చిందని అర్థం.

జిమ్నీకి కథ వేరు. దానికి ముందూ వెనుకా గట్టి ఇరుసులే. ఇరుసు పక్కలకు జరగకుండా పట్టి ఉంచే అడ్డు కడ్డీ ఒక చివర ఛాసిస్‌కూ మరో చివర ఇరుసుకూ బిగించి ఉంటుంది. ఛాసిస్‌ను పైకి లేపితే ఆ కడ్డీ ఏటవాలై ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. బండి కొంచెం వంకరగా నడుస్తుంది. ముందు ఇరుసు తిరిగి ఉండే కోణం కూడా మారి, స్టీరింగు తనంతట తాను నిటారుగా వచ్చే గుణం తగ్గుతుంది. ఒక వేగం దాటాక, ఏదైనా చిన్న గతుకు తగలగానే చేతుల్లో స్టీరింగు ఒకటే వణుకు మొదలై, బండి ఆపేదాకా తగ్గని స్థితి కొన్ని బండ్లలో వస్తుంది. సర్దుబాటు చేసుకునే కడ్డీలు, కోణం సరిచేసే బుష్‌లు వేసుకుంటే ఇదంతా సరిచేయవచ్చు. అయితే అవి కిట్టుతోపాటు వచ్చాయా, వేశారా, వేశాక అలైన్‌మెంట్ చూశారా అన్నదే ప్రశ్న.

హెడ్‌లైట్ల విషయం చాలామందికి తట్టదు. కొందరు బండి ముక్కు కిందికి వంగినట్టుందని ముందువైపు మాత్రమే ఒక అంగుళం లేపుతారు. థార్ రెండు ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. ముందు 25 మిల్లీమీటర్లు లేస్తే బండి మొత్తం నూటికి ఒక వంతు పైకి తిరుగుతుంది. లో బీమ్ కాంతిని కంపెనీలు కిందికి వంచి పెట్టేది కూడా దాదాపు అంతే, అంటే పది మీటర్ల దూరాన పది సెంటీమీటర్లు కిందికి. ఆ వంపు అంతటితో పోతుంది. లో బీమ్ వేసుకున్నామని మనం అనుకుంటూనే ఉంటాం, ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. దీనికి మందు ఖర్చులేనిది. చదునైన చోట గోడకు ఎదురుగా బండి నిలబెట్టి స్క్రూ తిప్పి కాంతిని దించుకోవాలి. ఎత్తు పెంచిన ఏ షాపువాడూ నాకు ఈ పని చేసి పెట్టలేదు, చేయమని నేనూ అడగలేదు.

బోల్తా సంగతి అంకెల్లో చెబితే బాగా తెలుస్తుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరంలో సగాన్ని, బండి గరిమనాభి (బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె, బండి పక్కకు పడిపోకుండా నిలిచే గుణానికి తొలి కొలత. అమెరికా రహదారి భద్రతా సంస్థ బోల్తా ప్రమాదాన్ని అంచనా కట్టడానికి వాడేదీ ఇదే. లెక్క కోసం ఒక జీపు చక్రాల మధ్య దూరం 1,500 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుందాం. భాగిస్తే 1.07. టైర్లూ దిమ్మెలూ కలిసి గరిమనాభిని 60 మిల్లీమీటర్లు లేపాయనుకుంటే ఆ అంకె 0.99కి దిగుతుంది. మామూలు కారు ముందుగా జారుతుంది, తరువాత కావాలంటే దొర్లుతుంది. ఈ అంకె తగ్గినకొద్దీ జారడానికి బదులు నేరుగా దొర్లడం మొదలవుతుంది. పైన క్యారియరు, దాని మీద స్టెప్నీ, డబ్బాల్లో నీళ్లూ డీజిలూ పెట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. బండి జారబోతోందని పసిగట్టి చక్రాల బ్రేకులను విడివిడిగా వేసి నిలబెట్టే ఈఎస్‌పీ అనే ఏర్పాటు ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ ఏర్పాటుకు నేర్పిన లెక్కలన్నీ కంపెనీ టైరు వ్యాసంతో, కంపెనీ ఎత్తుతో వేసినవి.

2020 నవంబరులో, ప్రమాదంలో బండి లోపలివాళ్లకు ఎంత రక్షణ ఉంటుందో చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో థార్‌కు పెద్దల రక్షణకు నాలుగు, పిల్లల రక్షణకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఆ వార్త చూసే నేను ఈ బండి కొన్నాను. ఆ నక్షత్రాలు షోరూము నుంచి వచ్చిన బండివి. మనం దిమ్మెలు పెట్టి, చక్రాలు మార్చిన బండిని ఎవరూ ఎక్కడా గోడకు కొట్టి చూడలేదు, వేగంగా మలుపు తిప్పి చూడలేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. ఎత్తు పెంచిన బండి పరీక్షలు నెగ్గిన బండి కాదు, ఇంకా పరీక్షకు కూర్చోని బండి. దాన్ని మనం పిల్లలను ఎక్కించుకుని నడుపుతున్నాం.

నా అనుభవం చెబుతానన్నాను. 2022లో ఒక నగరంలోని షాపులో రెండంగుళాల దిమ్మెల కిట్టు, 285/70 ఆర్17 టైర్లు వేయించుకున్నాను. పైన రాసిన లెక్కలన్నీ తరగతి గదిలో నల్లబల్ల మీద వందలసార్లు చెప్పినవాణ్ణి, నా బండి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ వేసుకోలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి. బండి చూడటానికి ఠీవిగా ఉండేది. మా అమ్మ మాత్రం ఎక్కడానికి ఇబ్బంది పడేది. తలుపు దగ్గర చిన్న స్టూలు వేసేవాళ్లం. మరుసటి ఏడాది వానాకాలంలో మీటరు మీద ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలగడం మొదలైంది. తరువాత తెలిసిన సంగతేమిటంటే, ముందు చక్రం వేగాన్ని ఏబీఎస్‌కు తెలిపే సెన్సరు తీగ కంపెనీ ఎత్తుకు సరిపడా పొడవుతోనే ఉంటుంది. బండి లేచి చక్రం కిందికి దిగడంతో అది బిగదీసుకుపోయింది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా వెడల్పు టైరు దాన్ని రాసుకుంటూ పోయింది. నెలల తరబడి అలా నలిగి ఒకరోజు తెగింది. దీపం వెలిగిన రోజునే చూపించి ఉండాల్సింది. వచ్చే వారం ఎలాగూ విశాఖపట్నం వెళుతున్నాం కదా అనుకున్నాను.

ఆ వారం లోపలే, ఒక సాయంత్రం లంబసింగి నుంచి ఘాట్ దిగుతున్నాం. సన్నగా వాన పడుతోంది. పక్కన మా బావమరిది ఉన్నాడు. మలుపులో రోడ్డు మీద ఆవు నిలబడి ఉంది. నా వేగం ఎక్కువేమీ కాదు. బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. బిగుసుకున్న చక్రం స్టీరింగు మాట వినదు. బండి తిన్నగా జారుకుంటూ పోయి కొండవైపు కాలువలో ఎడమ చక్రాలు దించి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, ఎడమ పక్కకు ఒరిగిపోయింది. ఆ క్షణంలో పాత ఎత్తులో ఉండి ఉంటే ఒరిగేది కాదని నేను ప్రమాణం చేసి చెప్పలేను, కానీ నా మనసుకు తెలుసు. బావమరిదికి మెడకూ భుజానికీ మధ్య ఉండే కాలర్ బోను విరిగింది. మూడు నెలలు చేయి కట్టుకుని తిరిగాడు. అవతలి వైపు లోయ. బండి అటు జారి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాను. చుట్టుపక్కల గూడెం వాళ్లు పరుగున వచ్చి మమ్మల్ని బయటికి లాగి, తమ ఆటోలో నర్సీపట్నం ఆసుపత్రికి చేర్చారు.

బీమా సంస్థ సర్వేయరు వచ్చి బండి చుట్టూ తిరిగి టైరు కొలత రాసుకున్నాడు, దిమ్మెల ఫొటో తీసుకున్నాడు. బండిలో చేసిన మార్పులను పాలసీలో తెలియజేయలేదన్న కారణంతో క్లెయిమును తిరస్కరించారు. వాళ్లను నిందించను. పాలసీ కాగితంలో ఆ షరతు ఉంది, నేను చదవలేదు. ఇప్పుడు లిఫ్టు చేయించుకున్న ప్రతి ఒక్కరూ ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు తమ పాలసీ కాగితం తీసి చదవాలని మనవి.

చట్టం ఏమంటుందో కూడా మీ వ్యాసం చెప్పి ఉండాల్సింది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉంది. రోడ్డు మీద మాత్రం పట్టపగలు ముప్పై మూడంగుళాల టైర్లతో బండ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ల ముందు నుంచే వెళుతున్నాయి. ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకరోజు, ఒకరిని ఆపి చలానా రాస్తారు. ఆ ఒక్కడు బాగా చేయించుకున్నవాడో, పనికిమాలిన దిమ్మెలు పెట్టుకున్నవాడో చూసే కొలమానం అధికారి దగ్గర లేదు. ఇద్దరికీ ఒకటే చలానా. అందువల్ల మంచి కిట్టు, మంచి కడ్డీలు, పొడవైన బ్రేకు గొట్టాలు వేసుకోవడానికి ఎవరికీ కారణం లేకుండా పోయింది. ఎలాగూ తప్పే అయినప్పుడు చవకైన తప్పే చేద్దామనుకుంటున్నారు.

దీనికి దారి మన దగ్గరే ఉంది. పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్టు బిగించుకోవాలంటే అనుమతి పొందిన కిట్టునే, అనుమతి ఉన్న కేంద్రంలో బిగించి, ఆర్‌సీలో రాయించుకునే పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు ఉన్నాయి. లిఫ్టు కిట్లకూ టైరు కొలతలకూ అదే పద్ధతి ఎందుకు ఉండకూడదు? ఆస్ట్రేలియాలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ కొంత తేడా ఉన్నా, వాళ్ల జాతీయ మార్గదర్శకాలు కొండదారుల వాహనాలకు టైరు వ్యాసం కంపెనీ ఇచ్చిన అతిపెద్ద టైరు కన్నా 50 మిల్లీమీటర్లకు మించి పెరగకూడదని హద్దు పెట్టాయి. ఒక స్థాయి దాటి ఎత్తు పెంచాలంటే అర్హుడైన ఇంజనీరు చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. ఇంకా ఎత్తయితే బండి వేగంగా వరుస మారినప్పుడు నిలబడుతుందో లేదో నడిపి చూడాలి. ఎక్కడిదాకా ఎత్తవచ్చో, ఎవరు చూడాలో, ఏం కొలవాలో అక్కడ కుర్రవాడికి ముందే తెలుసు. మన కుర్రవాడికి తెలిసింది షాపువాడి మాట ఒక్కటే.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒకటే. నిషేధం అన్న ఒక్క మాటతో వదిలేయకుండా, కేంద్రానికి ప్రతిపాదన పంపి, కొద్దిపాటి ఎత్తుకు, పరిమితమైన టైరు పెంపుకు పరీక్షించిన కిట్ల జాబితా ఒకటి తెప్పించాలి. ఆ లోపల, ఇప్పుడు తిరుగుతున్న బండ్లను ఆపినప్పుడు చలానా రాయడంతో సరిపెట్టకుండా నాలుగు విషయాలైనా చూడాలి. చక్రాలను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పించి బ్రేకు గొట్టం, సెన్సరు తీగ బిగుసుకుంటున్నాయా, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా అన్నది చూడటానికి రెండు నిమిషాలు చాలు. మీటరు మీద ఏబీఎస్ దీపం వెలుగుతుంటే ఆ బండిని ఘాట్ ఎక్కనివ్వకూడదు. నా బండిని ఆ రోజు లంబసింగి దగ్గర ఎవరైనా అలా ఆపి ఉంటే వాళ్లకు జీవితాంతం రుణపడి ఉండేవాణ్ణి.

ఇంతకూ కొండదారులకు ఎత్తు అంత అవసరమా అన్న సంగతి. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి పర్యాటకులను తీసుకెళ్లే జీపుల డ్రైవర్లను గమనించండి. రాళ్లూ వాగులూ ఉన్న దారిలో రోజూ ఎక్కి దిగుతారు. పాత జీపులు, సన్నటి టైర్లు. ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో, ఎక్కడ బండిని ఆపి ఒక్క క్షణం ఆలోచించాలో వాళ్లకు తెలుసు. వెనకటి విల్లిస్ జీపుకు 6.00-16 టైర్లే ఉండేవి. ఆ టైర్లతోనే మన ఏజెన్సీలో సర్వేలు చేశారు, మందులు చేరవేశారు. నా బండిని బాగు చేయించాక పాత ఎత్తుకే దించి, కంపెనీ కొలతలోనే, మట్టికీ తారుకూ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాను. చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజి కొనుక్కున్నాను. బురద దారి మొదలయ్యేచోట ఆగి టైర్లలో గాలిని దాదాపు మూడో వంతు తగ్గిస్తే టైరు పరుచుకుని, నేలను పట్టే మేర పెరుగుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి, మరిచిపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. ఛాసిస్ కింద గుల్లకూ గేరుబాక్సుకూ ఉక్కు పలకలు బిగించాను. మునుపు ఇరుక్కున్న ఆ రెండు దారుల్లోనూ గత వానాకాలంలో వెళ్లి వచ్చాను. ఒకచోట చాళ్లు మరీ లోతుగా ఉన్నాయని అనిపించి, బండి పైన వదిలి అర కిలోమీటరు నడిచి వెళ్లాను.

ఇంత చదివాక కూడా ఎత్తు పెంచుకోవాలనుకునే యువకులు ఉంటారు, వాళ్లను నేను వద్దనను. దిమ్మెలతో సరిపెట్టవద్దని మాత్రం అడుగుతున్నాను. కొత్త ఎత్తుకు తగిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, పొడవైన బ్రేకు గొట్టాలు, అడ్డు కడ్డీలు కలిసి ఉన్న పూర్తి కిట్టే తీసుకోండి. వేశాక అలైన్‌మెంట్ చేయించి, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. మార్పుల సంగతి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు వచ్చేదాకా బండి బయటికి తీయకండి.

మా పాలిటెక్నిక్‌లో ఇప్పుడు పాఠాలు చెబుతున్న మిత్రులు అడిగితే, నా బండి నుంచి తీసిన దిమ్మెలనూ, తెగిన సెన్సరు తీగనూ, పక్కగోడ అరిగిన టైరునూ ప్రయోగశాలకు ఇచ్చాను. తీగ మీద టైరు రాసుకున్న గుర్తు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. మీ అనుబంధంలో ఆ వ్యాసం రాసిన విలేఖరి వచ్చి చూస్తానంటే అక్కడికి నేనే తీసుకెళతాను. ఫొటో తీసుకుని, వీలైతే మొదటి వ్యాసానికి ఇచ్చినంత స్థలంలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
నర్సీపట్నం.